కుర్చీలక్ష్మి

నల్లగొండ సర్కారు దవాఖానలో ఒకామె కుర్చీలోనే కన్నదని విచారణకు ఆదేశించారు. డ్యూటీలో ఉన్నవాళ్ల మీద చర్యలూ తీసుకున్నారు. 2024లో ఇంత తొందరపాటు నిర్ణయం మరొకటి రాలేదు. పేటెంటు తీసుకోవాల్సిన చోట చర్యలు తీసుకోవడమేమిటి?

ఆగస్టు నాలుగో వారంలో జరిగింది అందరికీ తెలిసిందే. నొప్పులతో దేవరకొండ దవాఖానకు వచ్చిన మనిషిని రాత్రిపూట నల్లగొండకు పంపించారు. అక్కడివాళ్లు ఆమెకు కుర్చీ చూపించారు. కూర్చుంది. కన్నది. తల్లీబిడ్డా క్షేమం. సర్కారుకు పైసా ఖర్చు లేదు, డాక్టరుకు నిద్ర చెడలేదు. ఇంతటి పొదుపు పథకాన్ని ఆర్థికశాఖ కలలో కూడా ఊహించి ఉండదు.

సిజేరియన్ల సంగతే చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు కోతతో జరిగితే తెలంగాణలో 60.7. ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5. కోతలు తగ్గించండని డాక్టర్లను బతిమాలారు, ముహూర్తాలు పెట్టుకోకండని జనానికి నచ్చజెప్పారు. కత్తి పట్టడం రాని, పంచాంగం చదవని సాధనం ప్రతి దవాఖానలోనూ నాలుగు కాళ్ల మీద నిలబడి ఉందని మాత్రం ఇన్నాళ్లూ ఒక్కరికీ తట్టలేదు.

పైగా కుర్చీ ఉన్నది దవాఖాన లోపల. కాబట్టి ఈ కాన్పు ఆస్పత్రి కాన్పుల ఖాతాలోకే వెళ్తుంది. అదే సర్వేలో రాష్ట్రానికి 97 శాతం తెచ్చిపెట్టిన ఖాతా అది. ఈ విషయంలో అచ్చంపేట కాస్త వెనకబడింది. 2022 జనవరిలో కొవిడ్ ఉందని తేలిన గర్భిణిని అక్కడ చేర్చుకోకపోతే దవాఖాన ముందే కన్నది. ముందు కన్నది లోపలి లెక్కా, బయటి లెక్కా? రికార్డు రాసేవాడికి ఎంత చిక్కు! అప్పుడూ డాక్టర్లను సస్పెండ్ చేశారు గానీ, గేటు దగ్గర ఒక కుర్చీ వేయించాలన్న ఆలోచన చేయలేదు.

పథకానికి పేరు వెతకనక్కర్లేదు. కల్యాణలక్ష్మి అయింది, మహాలక్ష్మి అయింది, ఇక కుర్చీలక్ష్మి. 2017లో వచ్చిన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనె, పౌడరు, దోమతెర, చీర, బొమ్మ కలిపి పదహారు వస్తువులుండేవి. పదిహేడోదిగా మడత కుర్చీ చేరిస్తే సరి. నెలలు నిండినామె ఇంటి నుంచే కుర్చీ చంకనపెట్టుకుని బయల్దేరుతుంది. దేవరకొండలో కాసేపు, నల్లగొండలో కాసేపు, అక్కణ్నుంచి హైదరాబాద్ పంపితే అక్కడ కాసేపు, ఎక్కడ నొప్పులు ముదిరితే అక్కడే వేసుకుని కూర్చుంటుంది. రెఫర్ చీటీ పెట్టుకోవడానికి కుర్చీ వెనక చిన్న సంచి కుట్టించాలి. టెండర్లో ఈ షరతు మరవకూడదు.

నల్లగొండకు 2019లో మెడికల్ కాలేజీ వచ్చింది. ఎంబీబీఎస్ సీట్లు 150. ఒక్కో సీటు కోసం పిల్లలు ఏళ్లకేళ్లు పుస్తకాలతో కుస్తీ పడతారు. ఈమెకు నీట్ రాయకుండానే సీటిచ్చారు. అసలు ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు కుర్చీ విలువ ఒకరు చెప్పాలా? 2024 నాటికి ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది వంగూరు మండలం కొండారెడ్డిపల్లి మనిషి. నల్లగొండ, హుజూర్‌నగర్, కొల్లాపూర్ ఎమ్మెల్యేలకు అప్పటికే మంత్రి కుర్చీలు. నాలుగు కుర్చీలు తెచ్చుకున్న నేలకు అయిదోది దవాఖానలో దొరికితే ఇంత గోలెందుకు?

విమర్శించేవాళ్ల నోరు మూయించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే చాలు. తల్లి తనకు నచ్చిన భంగిమలో, నిటారుగా ఉండైనా సరే, కనేలా చూడాలని ఆ సంస్థ 2018లో సిఫారసు చేసింది. యూరప్‌లో మంత్రసానులు వందల ఏళ్లు కాన్పు కుర్చీలే వాడారు.

కాకపోతే అక్కడ కుర్చీ ఎదురుగా మంత్రసాని ఉండేది.

నల్లగొండలో కుర్చీ ఒక్కటే ఉంది. గద్వాల జిల్లా నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల గర్భిణికి 2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్ రోజుల్లో, అదీ దక్కలేదు. ఒంట్లో రక్తం లేదు, బీపీ ఎక్కువ. గద్వాల వాళ్లు మహబూబ్‌నగర్ పంపారు, మహబూబ్‌నగర్ వాళ్లు హైదరాబాద్ పంపారు, హైదరాబాద్‌లో ఒక దవాఖాన ఇంకో దవాఖానకు పంపింది. మొత్తం ఆరు. బిడ్డ దక్కలేదు, తల్లీ దక్కలేదు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 43కు తగ్గాయి, దేశంలో మూడో స్థానం మనదే అని చెప్పుకున్న లెక్క 2018–20ది. ఆమె చనిపోయింది ఆ 2020లోనే.

తల్లుల చావులకు మూడు ఆలస్యాలు కారణమని థాడియస్, మెయిన్ అనే పరిశోధకులు 1994లోనే రాశారు: ఇంట్లో తేల్చుకోలేకపోవడం, దవాఖాన చేరలేకపోవడం, చేరాక వైద్యం అందకపోవడం. మొదటి రెండింటినీ ఇక్కడ ఆశ కార్యకర్తలు, 102 బండ్లు చాలావరకు తగ్గించారు. ఆడవాళ్లు చెప్పిన మాట విన్నారు, నూటికి తొంభై ఏడుగురు దవాఖానకే వస్తున్నారు. మిగిలింది మూడోది. అందులో వాళ్ల చదువు, నమ్మకాలు, ఊరి దూరం వేటికీ సంబంధం లేదు. ఇంట్లో కనొద్దని గడపగడపకూ చెప్పి రప్పించి, వచ్చాక మంచం లేదు, మనిషి లేడు, పైకి పో అనడం పచ్చి మోసం. గులాబీ సర్కారు చేసినా మోసమే, చేయి గుర్తు సర్కారు చేసినా మోసమే.

రాత్రి పదింటి తర్వాత దేవరకొండలో, అచ్చంపేటలో కాన్పుల డాక్టరు, మత్తు డాక్టరు ఉన్నారో లేరో గోడమీద రాసిపెట్టండి. పైకి పంపేవాళ్లు అవతల మంచం ఖాళీ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని, నర్సును తోడిచ్చి పంపాలి. మంత్రసానులకు 18 నెలల శిక్షణ 2017లోనే మొదలుపెట్టిన రాష్ట్రం ఇది. వాళ్లను ఈ లేబర్ రూముల్లో రాత్రి డ్యూటీకి వేయండి. ఇవేవీ లేకుండా ఒక నర్సును సస్పెండ్ చేస్తే మర్నాటి రాత్రి డ్యూటీలో ఒక నర్సు తక్కువవుతుంది, అంతే.