చేపాటవెలది: సటీకా తాత్పర్యము

అవతారిక

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకి నాలుగడుగుల దూరంలో మా వాటా. మొన్న ఆదివారం పొద్దున రాంనగర్ చేపల మార్కెట్టుకి వెళ్లి అరకిలో రవ్వ ముక్కలు కొట్టించుకొచ్చాను. సాయంత్రం గానసభలో ఏదో పుస్తకావిష్కరణ. మా ఆవిడ చీర మార్చుకుని, “చేప మీ వంతు” అని ఫ్రిజ్ తలుపు మీద ఒక చీటీ అంటించి వెళ్లిపోయింది. నారాయణగూడ కాలేజీలో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పిన మనిషి కదా, వంట విధానం ఆటవెలదిలో ఉంది.

నాకు వంట రాదు, వ్యాఖ్యానం వచ్చు. కాళిదాసు కావ్యాలకి ‘సంజీవని’ రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం అంటారు. ఆ గాలి కొంత ఇటూ వీచి ఉంటుందన్న ధైర్యంతో ఈ టీకకు పూనుకుంటున్నాను.

మూలము

చేప కడిగి తుడిచి చింతపులుసు మాని
పెరుగు నుప్పు పసుపు వెల్లిపాయ
కారమద్ది పెట్టి కరకరలాడంగ
నోవెనందుఁ గాల్ప నూరు నోరు.

ప్రతిపదార్థము

చేప = మత్స్యమును; కడిగి = ఉప్పూ పసుపూ వేసి నీచు పోయేదాకా రుద్ది; తుడిచి = తడి లేకుండా ఒత్తి (పాత పంచెతో; కొత్త తువ్వాలుతో అని అర్థం చెప్పినవారు తర్వాత విచారించిరి); చింతపులుసు మాని = చింతపండు పులుసు ఆలోచన కట్టిపెట్టి; పెరుగును, ఉప్పు, పసుపు, వెల్లిపాయ, కారము = ఆయా ద్రవ్యములను; అద్ది = పట్టించి; పెట్టి = లోపల ఉంచి; కరకరలాడంగన్ = కరకరమనునట్లుగా; ఓవెనందున్ = కరెంటు పొయ్యియందు; కాల్పన్ = కాల్చగా; నోరు ఊరున్ = నోట నీరూరును.

తాత్పర్యము

పులుసు పెట్టే తీరిక లేనప్పుడు చేపకి మసాలా పట్టించి ఓవెన్‌లో పెడితే అరగంటలో భోజనం సిద్ధమవుతుంది.

విశేషములు

మంగళాచరణము: కావ్యం శుభశబ్దంతో మొదలవ్వాలి. ‘చేప’ శుభమెట్లా అంటే, నారాయణుడి మొదటి అవతారం అదే కదా. సోమకాసురుడు వేదాలు ఎత్తుకుపోతే తెచ్చి ఇచ్చింది ఆ రూపమే. కవయిత్రి జీతం తిన్నది నారాయణగూడలో కనుక ఈ స్మరణ మరీ ఉచితం.

తుడిచి: ఇది పాదపూరణానికి వేసిన మాట కాదు, పద్యానికి ప్రాణం. ముక్క మీద తడి ఉంటే ఓవెన్ వేడంతా ముందు ఆ నీళ్లని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది. నీరున్నంతసేపూ పైభాగం 100 డిగ్రీలు దాటదు, ఎరుపెక్కదు. తుడవని చేప కాలదు, ఉడుకుతుంది.

చింతపులుసు మాని: శ్లేష. ‘చింత, పులుసు’ అని విరిస్తే, దిగులునీ పులుసునీ కూడా వదిలి అని అర్థం. పులుసు పెట్టేవాడికి చింత తప్పదు. చిక్కబడిందా, ముక్క విరిగిందా, గరిటె పెట్టొచ్చా, గిన్నె పట్టుకుని తిప్పాలా?

వెల్లిపాయ కారము: ఇక్కడ పండితులకి పేచీ. రెండో పాదం చివర ‘వెల్లిపాయ’, మూడో పాదం మొదట ‘కారము’. ద్వంద్వమైతే వెల్లిపాయా కారమూ వేరు వేరు. తత్పురుషమైతే అన్నంలో నెయ్యేసుకుని కలుపుకునే వెల్లిపాయకారమే. సీసాలో అది తయారుగా ఉంది కనుక నేను తత్పురుషం వైపు మొగ్గాను. ఇక ‘కారము’ ఉపలక్షణం. అల్లం, ధనియాల పొడి, జీలకర్ర పొడి, చిటికెడు గరం మసాలా కూడా గ్రహించాలి. పెరుగు గడ్డపెరుగే కావాలి. మజ్జిగలాంటి పెరుగైతే ‘తుడిచి’ వ్యర్థపదమవుతుంది.

అధ్యాహారము: ఎంత వేడి, ఎంతసేపు అన్నది మూలంలో లేదు. దీన్ని న్యూనపద దోషమనకూడదు. 200 డిగ్రీలు, పదిహేను నిమిషాలు అని అధ్యాహారం చేసుకోవాలి. ముందొక పది నిమిషాలు ఖాళీ ఓవెన్‌ని వేడెక్కనివ్వాలి. మా ఓవెన్‌ని ఖాళీ చెయ్యడానికే ఇంకో పది నిమిషాలు పట్టింది. అమ్మాయి కేకులు నేర్చుకుంటానంటే కొన్నది అది. అమ్మాయి పెళ్లై డాలస్ వెళ్లాక అందులో అప్పడాల డబ్బా, రెండు జల్లెళ్లు, ఒక తాళంకప్ప కాపురం పెట్టాయి.

కరకరలాడంగ: అతిశయోక్తి. పెరుగు పట్టించిన రవ్వ కరకరలాడదు. అయితే చివరి రెండు నిమిషాలు పైకడ్డీ ఒక్కటే వెలిగిస్తే మసాలా అంచులు నల్లబడి కొంచెం కరకరమంటాయి. అంచు గుణాన్ని ముక్కంతటికీ చెప్పడం లక్షణ.

పాఠాంతరము: మా వదినగారి ప్రతిలో నాలుగో పాదం ‘నేతిలోన వేప నూరు నోరు’ అని ఉంది. ‘నే’కీ ‘నూ’కీ యతి కుదరదు. నా వయసుకి నెయ్యి కూడా కుదరదు. కాబట్టి అగ్రాహ్యం.

ఊరు నోరు: మళ్లీ శ్లేష. ‘ఊరు’ క్రియ అయితే నోట నీరూరడం. నామవాచకమైతే ఊరి నోరు. పన్నెండో నిమిషానికి ఈ రెండో అర్థం స్ఫురించింది. కింది వాటా పంతులుగారు కిటికీ తలుపులు ధడాలున వేసుకున్నారు. మొదటి అర్థం మేడ మీంచి దిగొచ్చింది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటూ, పొద్దస్తమానం సెంట్రల్ లైబ్రరీలో కూర్చునే కుర్రాడు పైగదిలో ఉంటాడు. కుక్కర్‌లోంచి అప్పుడే తీసిన అన్నం పళ్లెంలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“మస్తు వాసనొస్తుంది అంకుల్!”

రెండు ముక్కలు వేశాను. ముళ్లు ఏరుకుంటూ తిన్నాడు. మెచ్చుకున్నాడు. తర్వాత పొడి అన్నం వంక చూసి అడిగాడు:

“మరి రసం లేదా అంకుల్?”

ఆలంకారికులు వెయ్యేళ్లకి పైగా కావ్యాలని అడుగుతున్న ప్రశ్న అది. అలంకారం ఉంది, శ్లేష ఉంది, యతి నిలబడింది. కలుపుకోవడానికి ఏముంది? టీకాకారుడి దగ్గర సమాధానం లేకపోయింది.

ఎనిమిదింటికి ఆవిడ వచ్చింది. కుర్రాడి పళ్లెం చూసింది, నా టీక చూసింది. ఒక్క మాటా అనలేదు. మిగిలిన ముక్కల్ని పక్కకి తీసి, నిమ్మకాయంత చింతపండు నానేసింది. చెయ్యి తుడుచుకుని, చీటీ మొదటి పాదంలో ‘మాని’ కొట్టేసి ‘తోడ’ అని రాసింది.

గణం చెడలేదు.