యాత్రపెద్ద

యాత్రపెద్ద పదవికి ఎన్నిక లేదు, జీతం లేదు, విరమణ అసలే లేదు. పలాస–కాశీబుగ్గలోనూ, టెక్కలి వైపూ, సముద్రం పక్క ఉద్దానం పల్లెల్లోనూ వీధికొకడు ఉంటాడు. ఇద్దరుంటే ఆ వీధి చాలదు. సాధారణంగా జీడిపిక్కల వ్యాపారంలో నాలుగు డబ్బులు వెనకేసుకుని, కొట్టు కొడుక్కి అప్పగించి, అరవై దాటిన మనిషి. శివరాత్రి ఉత్సవాల చివర శ్రీముఖలింగంలో జరిగే చక్రతీర్థ స్నానానికి చుట్టాలందర్నీ పోగేసి తీసుకెళ్ళడం అతని ముఖ్య విధి.

ఈ పదవికి అర్హత ఒకటే, కాశీ చూసి ఉండటం. ఏనుగుల వీరాస్వామి 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, కాశీయాత్ర చరిత్ర రాసి ఊరుకున్నారు. యాత్రపెద్ద రైల్లో వెళ్ళి వారంలో వచ్చేశాడు. పుస్తకం రాయలేదు కనుక ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి అక్కడ వదిలి రావాలని ఆచారం. ఉద్దానం మనిషికి ఇది చిన్న పరీక్ష కాదు. పనస వదిలితే వేసవి గడవదు. కొబ్బరి వదిలితే ఇంట్లో కూర వండే దారి ఉండదు. జీడిమామిడి పండు వదిలాక తోటలోకి వెళ్ళి చేసేదేమీ లేదు. అందుకే యాత్రపెద్ద గంగ ఒడ్డున చాలాసేపు ఆలోచించి కాకరకాయ, కివీ పండు వదిలాడు. మొదటిది చిన్నప్పటి నుంచీ ముట్టడు. రెండోది అప్పటికింకా రుచి చూడలేదు. అయినా ఏ పెళ్ళి భోజనంలోనైనా ఆకు ముందు కూర్చోగానే, "అమ్మా, ఇందులో కాకరకాయ లేదు గదా? కాశీల ఒగ్గీసినాను" అని బంతి ఆ చివరికి వినిపించేలా అడుగుతాడు. ఆ త్యాగం విన్నవాళ్ళెవరో అతని ఆకులో ఇంకో బూరె వేయక మానరు.

శ్రీముఖలింగం జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున ఉంది. పలాసలో విశాఖ వైపు పాసింజరెక్కి తిలారులో దిగి ఆటో పట్టుకోవచ్చు. జాతీయ రహదారి మీద నరసన్నపేట వైపు వెళ్ళి లోపలికి తిరగనూవచ్చు. యాత్రపెద్ద రైలుకి ఒప్పుకోడు, రైలు అతను చెప్పినచోట ఆగదు. వ్యాను ఆగుతుంది. టెక్కలి దగ్గర రావివలసలో పైకప్పు లేకుండా ఎండలో ఉన్న మల్లికార్జునుడి కోసం ఒకసారి, కోటబొమ్మాళిలో కొత్తమ్మ తల్లి కోసం ఒకసారి, టీ కోసం మిగతా అన్నిసార్లూ. సామానులో రెండు జీడిపప్పు పొట్లాలుంటాయి. దేవుడి దగ్గర పెట్టేది ముక్క, దారిలో నమిలేది గుండు.

ఊళ్ళోకి అడుగుపెడుతూనే సోమేశ్వరాలయం కనిపిస్తుంది. కుర్రాళ్ళు ఫోన్లు పైకెత్తుతారు. "ముందు పెద్ద గుడి! ఇది తర్వాత" అని యాత్రపెద్ద తోలుకుపోతాడు. తర్వాత ఎప్పుడూ రాదు. భీమేశ్వరాలయం గతీ అంతే. మధుకేశ్వరుడనే పేరు కూడా ఉన్న ముఖలింగేశ్వరుడి గుడిలోనే అతని విద్య అంతా బయటపడుతుంది. శబరులు నరికిన ఇప్పచెట్టులో శివుడి ముఖం కనిపించిందన్న కథ ఎలా మొదలైనా, "కాశీల అయితేనా..." అన్నచోట ఆగుతుంది. స్వామి వెనక ఉన్న పెద్ద మట్టి గోలెం కథ మాత్రం పూర్తిగా చెబుతాడు. ఓ కుమ్మరి మొక్కు కోసం చేసి తెచ్చిన గోలెం ద్వారంలో పట్టలేదనీ, తెల్లారేసరికి అదే లోపల ఉందనీ స్థానికంగా చెప్పుకుంటారు. యాత్రపెద్ద చెప్పే ఒక్కొక్క ఏడాదికి ఆ గోలెం ఒక జాన పెరుగుతుంది.

గోడల మీద కళింగ శిల్పులు చెక్కిన వారాహి లాంటి మూర్తుల్ని చూడటానికి దూరాల నుంచి వస్తారు. యాత్రపెద్ద వర్గీకరణ సులువు. ఆడమూర్తి అయితే పార్వతమ్మ, మగమూర్తి అయితే ద్వారపాలకుడు. శాసనాల దగ్గరా అంతే ధైర్యం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో ఈ దగ్గరలోని పర్వతాలపేటలోనే పుట్టారు. ఇక్కడి శాసనాలు చదవడానికి పాత లిపులు పట్టుబట్టి నేర్చుకుని, తూర్పు గంగరాజుల కళింగనగరం ఇదేనని వాదించారు. యాత్రపెద్దకి లిపితో పని లేదు. రాతి మీద వేలు పెట్టి, "రాజు గుడికి భూమి ఇచ్చినాడని రాసుంది" అంటాడు. పాత గుళ్ళ శాసనాల్లో ఎక్కువ భాగం దానాలే కనుక, రోజు మొత్తంలో అతను చెప్పే సంగతుల్లో నిజమయ్యే అవకాశం ఉన్నది ఇదొక్కటే.

ఇక స్నానం. ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే వంశధార, వానల్లో ఊళ్ళు ముంచే నదే గాని శివరాత్రి నాటికి ఇసుక ఎక్కువ, నీరు తక్కువ. మేనల్లుడు మోకాలు దాటని నీళ్ళలో నిలబడి, "మావా, ఎలా మునగాలి?" అంటాడు. "కాశీల అయితే మనిషి కనబడడు. ఇక్కడ కూకో. చాలకపోతే తొంగో" అని సమాధానం. పక్కన స్నానం చేస్తున్న ఒడిశా యాత్రికుల్ని కాశీలో నేర్చిన హిందీలో పలకరిస్తాడు. వాళ్ళు పర్లాకిమిడి వాళ్ళు, శుభ్రంగా తెలుగులో జవాబు చెబుతారు. అతను మాత్రం హిందీ వదలడు.

తీర్థంలో తప్పిపోకూడదని అందరిచేతా ఫోన్ నంబర్లు కంఠస్థం చేయించేదీ అతనే, మైకులో పేరు వినిపించేదీ అతనిదే. బట్టల మూట కాపలా కాస్తున్న మేనత్త వెతికి పట్టుకుంటే, "ఇంతమందీ ఒక్కసారి తప్పిపోతే నానేటి సెయ్యాల?" అని కోప్పడతాడు.

ఇంటికొచ్చాక లెక్కలు. వ్యాను కిరాయి, టీలు, పూజ సామాను అన్నీ కలిపి తలకింత అని పంచుతాడు. ఆ తలల్లో అతని తల ఉండదు. దారి చూపించినవాడి దగ్గర ఛార్జీ అడిగే ఆచారం కాశీలో కూడా లేదట.

ఇంతా చేసి, అతను పూనుకోకపోతే ఆ వీధి నుంచి ఏడాదికి ఒక్కరైనా వంశధార ముఖం చూడరన్నది నిజం. పక్షవాతం వచ్చిన వదినని వీల్‌చైర్లో ఇసుక దాటించి నీళ్ళ దాకా తీసుకెళ్ళేదీ, తిరుగు ప్రయాణంలో అందరూ నిద్రపోతే డ్రైవరు కునుకు తీయకుండా కాశీ కబుర్లు చెప్పేదీ అతనే. ఆ కబుర్లు ఉపయోగపడే చోటు అదొక్కటే.

శ్రీముఖలింగంలోని మూడు గుళ్ళూ కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నాయి. శిల్పాలు నిదానంగా చూడదలచినవారు ఉత్సవాల జనం తగ్గాక, ఏదో ఒక మామూలు రోజున, పొద్దున్నే, వీధిలో ఎవరికీ చెప్పకుండా బయల్దేరడం మంచిది.