ఊరు రాయని మూత

నా మూతను గోటితో గీకితే ముందు నలుపు రాలుతుంది, దాని కింద తెల్ల అక్షరాల తునకలు, వాటి కింద మళ్లీ నలుపు. అలా నాలుగు పూతలు. ఒక్కో పూత కింద ఒక్కో ఊరు దాగి ఉంది: కొచ్చి, పోర్ట్ బ్లెయిర్, విశాఖపట్నం. ఆ పైన రాసింది ముంబై. ఊళ్లు ఎన్ని మారినా మారనివి ఆయన పేరు, దాని పక్కన నౌకాదళం ఇచ్చిన నంబరు. నేను ఒక సెయిలర్ ఇంటి నల్ల ట్రంకు పెట్టెను.

2013లో విశాఖ పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కొట్టులో తయారయ్యాను. రేకు అంచులు మడిచి, మూలలకు దళసరి బద్దలు వేసి రివిట్లు కొట్టి, గడియ బిగించారు. పెళ్లై మూడు నెలలైన జంట వచ్చింది. బేరమాడింది ఆమె. శ్రీకాకుళం పక్క పల్లె యాస. "ఏటి బాబూ, ఇంత రేకుకి అంత డబ్బా" అంటూనే మూత ఎత్తి, చీరలకు ఎక్కడైనా గరుకు తగులుతుందేమోనని లోపలంతా అరచేత్తో తడిమింది. ఆయన బయట నిలబడి రంగు వేసే అతనికి పేరూ, నంబరూ చెప్పి రాయించాడు. ఆనాటి నుంచీ అంతే. పైన రాత ఆయనది, లోపల సర్దేది ఆమె.

ఏమేం సర్దేదో చెబుతాను. పైన పట్టుచీరలు, పాప పుట్టాక పాప ఊయల గుడ్డ, వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి కుందులు. అన్నిటికన్నా అడుగున, పరిచిన దినపత్రిక కింద, కలరా ఉండల పక్కన ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో ఆంధ్ర విశ్వవిద్యాలయం బీఎస్సీ, బీఈడీ పట్టాలు, సీటెట్ సర్టిఫికెట్టు. వాటి వెనక మూడు అనుభవ పత్రాలు. కొచ్చిలో ఏడు నెలలు, పోర్ట్ బ్లెయిర్‌లో పదకొండు నెలలు, విశాఖలో ఏడాదిన్నర. ఆమె లెక్కల టీచరు. మూడు చోట్లా పని మానడానికి రాసిన కారణం ఒకటే, భర్త బదిలీ.

2022 ఏప్రిల్‌లో మళ్లీ సిగ్నల్ వచ్చింది. నేవీ ఇళ్లలో బదిలీ ఉత్తర్వును అలాగే అంటారు, సిగ్నల్ అని. సెయిలర్లు ఎవరు ఏ ఊరు వెళ్లాలో తేల్చే బ్యూరో ముంబై మాన్‌ఖుర్ద్‌లో ఉంది. ఈసారి అది ఆయన్ని ముంబైకే పిలిచింది, అక్కడి ఓడ మీదికి.

"ముంబైలో మనకి ఇల్లెవరిస్తారండీ?" అంది ఆమె.

"క్వార్టర్‌కి పేరు పెడతాం. వెయిటింగ్ లిస్టు పెద్దదంట. అందాకా బయట చూసుకోవాల."

ఆ రాత్రి ఆమె నా మూత మీదే నోటుపుస్తకం పెట్టుకుని లెక్క వేసింది. విశాఖలో క్వార్టర్ ఉంది కాబట్టి అద్దె బెంగ ఎప్పుడూ లేదు. ముంబై ఎక్స్ తరగతి నగరం. క్వార్టర్ దొరకని వాళ్లకు అక్కడ అప్పట్లో మూలవేతనంలో 27 శాతం ఇంటద్దె భత్యం ఇచ్చేవారు. విశాఖ లాంటి వై తరగతి నగరంలో అప్పుడది 18. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆయన మూలవేతనంలో 27 శాతమంటే పది వేలు కూడా లేదు, ఫోనులో బ్రోకరు చెప్పిన అద్దె 22 వేలు. అదైనా ఓడ ఆగే జెట్టీకి పాతిక కిలోమీటర్ల దూరంలో, ఒక పడగ్గది ఇంటికి. దానికి తోడు డిపాజిట్టు 70 వేలు, బ్రోకరుకు ఒక నెల అద్దె, పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం రిజిస్టరు చేయించడానికి ఖర్చు. బదిలీ అయినవాళ్లకు మూలవేతనంలో 80 శాతం గ్రాంటుగా వస్తుంది. అది కాస్తా డిపాజిట్టు సగానికి కూడా చాల్లేదు. పిల్లలకు భిన్నాలు చెప్పే మనిషి ఆ పేజీని మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాసింది. చివరికి కుడిచేతి గాజులు రెండూ తీసి, నాలో పెట్టకుండా, హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఆ నగరంలో ఇళ్లకు ఎందుకంత గిరాకీయో తర్వాత పాప పాఠం చదువుతుంటే తెలిసింది. ముంబై ఒకప్పుడు ఏడు దీవులట. మధ్య సముద్రాన్ని పూడ్చి కలిపారు. కొలాబాను మిగతా ఊరితో కలిపిన కాజ్‌వే 1838 నాటిది. నౌకాదళం కాలనీ అయిన నేవీ నగర్ ఆ కొలాబా కొసన ఉంది, మూడు పక్కలా నీళ్లే. ఇంకో వరస ఇళ్లు కడదామంటే నేల ఏది? పశ్చిమ నౌకాదళ ప్రధాన కేంద్రం ఆ నగరంలోనే, దాని కుటుంబాలు పక్క వేసుకోవడానికి మాత్రం చోటు చాలదు. దేశానికి కాపలా కాసే ఓడకు రేవులో చోటుంటుంది, ఆ ఓడవాడి ఇల్లాలికి వెయిటింగ్ లిస్టులో ఒక అంకె ఉంటుంది. ఇది నాకు ఎన్నటికీ సరిగా తోచలేదు.

వాళ్లు రైల్లో వెళ్లారు. నేను లారీలో. నాలుగు కుటుంబాల సామాన్లు ఒకదాని మీద ఒకటి. విజయవాడ, సూర్యాపేట, హైదరాబాద్, జహీరాబాద్, షోలాపూర్, పుణె. జహీరాబాద్ దాటాక ఒక గతుకులో ఎవరిదో వాషింగ్ మెషీను నా ఎడమ మూల మీద పడింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. నాలుగో రోజున చేరాల్సిన లారీ ఎనిమిదో రోజున చేరింది. ఆ నాలుగు రోజులూ కాంజూర్‌మార్గ్‌లో అద్దెకు తీసుకున్న ఖాళీ ఇంట్లో వాళ్లు చాపలు పరుచుకుని పడుకున్నారని, పాప తన బడి సంచీనే తలగడ చేసుకుందని నాకు తర్వాత తెలిసింది. నన్ను మూడో అంతస్తుకు తలమీద ఎత్తుకెళ్లిన మాథాడీ కూలీ ఒక్కసారి కూడా దించలేదు.

ఆ ఇంట్లో నాకు మంచం కింద చోటు దొరకలేదు. కిటికీ పక్కన పెట్టి, పైన మడత దుప్పటి పరిచారు. పగలు సోఫాను, సాయంత్రం పాప బల్లను, రాత్రి ఉతికిన బట్టలు మడతపెట్టే అరుగును. అద్దె ఇల్లు చిన్నదైనకొద్దీ పెట్టెకు పని పెరుగుతుంది.

దిగిన పన్నెండో రోజున ఓడ కదిలింది. ఎటు, ఎన్నాళ్లు అని ఇంట్లో చెప్పకూడదు. ఆమె అడగలేదు కూడా. ఆయన కిట్‌బ్యాగు భుజాన వేసుకుని పాప నెత్తిన చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు. ఓడ ఎక్కిన మనిషికి చేరేసరికే పడక ఉంటుంది, వేళకు భోజనం అందుతుంది, చుట్టూ తెలిసిన యూనిఫాం ఉంటుంది. గ్యాసు కనెక్షను మార్చుకోవడం, పోలీసు వెరిఫికేషను కాగితం, బడి టీసీ, సొసైటీ వాళ్ల నోఆబ్జెక్షను, నీళ్లు ఉదయం ఎన్నింటికి వస్తాయో కనుక్కోవడం, ఇవన్నీ ఆమె వంతు. సిగ్నల్ కాగితంలో ఒక్కరి పేరే ఉంటుంది. కదిలింది ముగ్గురు.

ఎదురింటి తలుపు తెరుచుకున్నది అప్పుడే.

"ఏం బిడ్డా, తెలుగోళ్లేనా? ఎప్పుడొచ్చిన్రు?"

డెబ్బై దాటిన ముసలామె. సిరిసిల్ల పక్క ఊరు. పెనిమిటి బట్టల మిల్లులో సాంచె నడిపేవాడు. 1982 జనవరిలో మొదలైన మిల్లు సమ్మెలో ఆ పని పోయింది, మళ్లీ రాలేదు. వర్లీ చాల్ నుంచి ఇక్కడికి చేరారు. "మీ మాట మాకు సగం తెల్వది, మా మాట మీకు సగం తెల్వది. ఇద్దరం కలిస్తె ఒక తెలుగయితది తియ్" అని నా మీద కూర్చుని చాయ్ తాగింది. శ్రీకాకుళం యాసా సిరిసిల్ల యాసా ఒకే గదిలో కలవడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు ఇంట్లో గాలి తేలికయింది.

ఆగస్టులో పాపకు జ్వరం. రెండో రాత్రికి 104. నౌకాదళ ఆసుపత్రి అశ్విని కొలాబాలో ఉంది, అంటే నగరం ఆ చివర. అక్కడికి చేరితే చాలు, వైద్యానికి పైసా ఖర్చుండదు. చేరడమే కష్టం. బయట కుండపోత వాన. ముసలామె "నేనొస్త పద" అని గొడుగు తీసింది. సెంట్రల్ లైను లోకల్లో లేడీస్ డబ్బా ఎక్కి, సీఎస్ఎంటీలో దిగి, అక్కణ్ణుంచి ట్యాక్సీలో వెళ్లారు. డెంగీ. ఆరు రోజులున్నారు. ఆ ఆరు రోజులూ నేను చీకట్లో వాన చప్పుడు వింటూ ఉన్నాను. కిటికీ సందులోంచి జల్లు పడి నా వెనక బందులకు తుప్పు మొదలైంది ఆ వారంలోనే. ఆయనకు కబురు తెలిసేసరికి పాప ఇడ్లీ తింటోంది.

ఫైలు సంగతి చెప్పాలి. కేంద్రీయ విద్యాలయాల్లో కాంట్రాక్టు టీచర్లకు ఇంటర్వ్యూలు సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో అయిపోతాయి. బదిలీలు వేసవిలో వస్తాయి. జూన్‌లో దిగిన మనిషికి ఆ ఏడాది తలుపు మూసుకున్నట్టే. కొచ్చిలోనూ అదే జరిగింది, పోర్ట్ బ్లెయిర్‌లోనూ అదే. మరుసటి మార్చికి ఫైలు బయటికి తీసింది. ఇంటర్వ్యూ ఉదయమే ఓడ తిరిగొచ్చింది, ఆయనకు జెట్టీలో కాలు బెణికింది. ఫైలు మళ్లీ నా అడుక్కి వచ్చింది. ఆమె ఏమీ అనలేదు. దినపత్రిక మాత్రం మార్చింది.

2023 ఆగస్టులో, పద్నాలుగు నెలల తర్వాత, నేవీ నగర్‌లో క్వార్టర్ వచ్చింది. నా ఐదో ప్రయాణం కాంజూర్‌మార్గ్ నుంచి కొలాబా వరకు చిన్న టెంపోలో సాగింది. ముసలామె గేటు దాకా వచ్చి పాప చేతిలో పది రూపాయలు పెట్టింది. అఫ్గాన్ చర్చి శిఖరం దాటి, కంటోన్మెంటు చెట్ల నీడలో వెళ్లాం. ఆ మర్నాడు సాయంత్రం బాల్కనీలో పాప అరిచింది. "అమ్మా! సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడు!" విశాఖలో పుట్టిన పిల్లకు సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడమే తెలుసు.

ఇక్కడి గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఆమె నెలకోసారి నూనె గుడ్డతో నన్ను తుడిచేది. 2024 మార్చిలో మళ్లీ ఫైలు తీసింది. ఈసారి పాపను ఎవరికీ అప్పగించాల్సిన పని లేకపోయింది, బడి కాలనీకి దగ్గరే. సాయంత్రం వచ్చి చెప్పులు విప్పకుండానే నా మీద కూర్చుంది. చాలాసేపు అలాగే ఉంది. లెక్కల టీచరు ఉద్యోగం, ఏప్రిల్ నుంచి.

నవంబరులో సిగ్నల్ వచ్చింది. కార్వార్.

ఆయన ఆ ఆదివారం నల్ల రంగు డబ్బా, కుంచె, సన్నటి తెల్ల బ్రష్షు కొనుక్కొచ్చాడు. నన్ను బాల్కనీలోకి లాగి కాగితంతో రుద్ది, ముంబై మీద నలుపు పూశాడు. ఆరాక పాపకు బ్రష్షు ఇచ్చాడు. పదేళ్ల పిల్ల. నాలుక పళ్ల మధ్య పెట్టి నాన్న పేరు, నంబరు రాసింది.

"నాన్నా, ఊరేం రాయను?"

ఆయన లోపలికి చూశాడు. ఆమె భోజనాల బల్ల దగ్గర తొమ్మిదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తల ఎత్తలేదు. ఎర్ర కలం మాత్రం ఆగింది.

"పిల్ల చదువు సంవత్సరం అయ్యేదాకా క్వార్టర్ ఉంచుకోనిస్తారంట. అడిగాను" అన్నాడు ఆయన. కాసేపాగి, "నీ బడి కూడా మార్చిదాకా కదా" అన్నాడు.

"ఆ" అంది ఆమె.

"ఊరు రాయకమ్మా" అని పాప చేతిలోంచి బ్రష్షు తీసుకుని, నీళ్లలో ముంచి కడిగాడు.

ఆయన కిట్‌బ్యాగుతోనే వెళ్లాడు. పదకొండేళ్లలో ఒక సిగ్నల్ వచ్చి నేను కదలకపోవడం ఇదే మొదటిసారి. నా అడుగున, ఫైలు ఇన్నాళ్లూ కూర్చున్న చోట, తుప్పు పట్టని నలుచదరం ఒకటి నల్లగా మెరుస్తూ మిగిలింది. ఫైలు ఇప్పుడు బీరువాలో ఉంది. ఆ నలుచదరం మీద, రేపు పిల్లలకు పంచాల్సిన యూనిట్ టెస్టు పేపర్ల కట్ట పెట్టి, దారం కట్టి, ఆమె మూత వేసింది. గడియ పెట్టలేదు.