పాత ఫోన్‌కు పెడసరి సలహాలు

ఇక్కడ చెప్పబోయేవన్నీ షాపుల్లో వినబడే మాటకు ఎదురు సలహాలే. అప్‌డేట్ వస్తే నొక్కమని వాళ్ళంటారు, నేను వద్దంటాను. కొత్త ఆండ్రాయిడ్ వేయించుకోమని వాళ్ళంటారు, నేను ముందు కిందికి దిగడం నేర్చుకోమంటాను. ఫోన్ మీద పూర్తి అధికారం ఇచ్చే రూట్ సంగతి బ్యాంకు యాప్‌కు తెలియకుండా దాచే చిట్కాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి, నేను ఆ యాప్‌నే తీసేయమంటాను. పెడసరంగా మాట్లాడుతున్నానని అనుకున్నా ఫర్వాలేదు. పనిచేసే ఫోన్లు సొరుగుల్లో మూలుగుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ఉదాహరణకు రెడ్‌మి నోట్ 4ను తీసుకుందాం. 2017 జనవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 2 జీబీ ర్యామ్‌ది 9,999 రూపాయలు, 4 జీబీది 12,999. లోపల స్నాప్‌డ్రాగన్ 625 చిప్, 4100 ఎంఏహెచ్ బ్యాటరీ. పెద్దగా వేడెక్కని చిప్ అది, ఛార్జింగ్ కూడా పొదుపుగా వాడుకుంటుంది. ఆండ్రాయిడ్ 6తో వచ్చి 7కు ఎక్కి అక్కడే ఆగింది. పైన ఉండే షావోమీ తొడుగు మీయూఐ మాత్రం 11 దాకా వచ్చింది. కంపెనీ లెక్కలో దాని ఆయుష్షు అంతే. కొత్త బ్యాటరీ వేసి, అక్కర్లేని యాప్‌లు పీకేస్తే పాటలకు, పుస్తకాలకు, మ్యాపులకు, ఇంట్లో వైఫైకి ఇప్పటికీ నిక్షేపంగా సరిపోతుంది. ఆ పీకేసే అధికారం కావాలంటే రూట్ కావాలి. రూట్ నిలవాలంటే అప్‌డేట్ల విషయంలో మొండిగా ఉండాలి.

కాబట్టి మొదటి మాట, రూట్ ఉన్న ఫోన్‌లో అప్‌డేట్ నోటిఫికేషన్ వస్తే నొక్కకండి. కారణం ఉంది. ఆండ్రాయిడ్ 5 నుంచి కంపెనీ పంపే చిన్న అప్‌డేట్ ఫోన్‌లోని భాగాలను బ్లాకుల వారీగా సరిచూస్తుంది. ఫ్యాక్టరీలో వేసిన దానికి ఒక్క బ్లాకు తేడా వచ్చినా అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది. రూట్ ఇచ్చే మ్యాజిస్క్ వేసినప్పుడు మారేదే బూట్ భాగం, అందుకే అది సరిగ్గా అక్కడ దొరికిపోతుంది. అదే పూర్తి ప్యాకేజీ అయితే పాతదాన్ని చూడనే చూడదు. బూట్ భాగాన్ని కూడా తుడిచి కొత్తది రాసేస్తుంది, ఫోన్ లేచేసరికి రూట్ ఉండదు. రెండు దారుల్లోనూ మీకు మిగిలేది ఏమీ లేదు. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌ను ఈ రోజే ఆపేయండి.

అంటే ఎప్పటికీ ఎక్కకూడదనా? ఎక్కొచ్చు, మీ పద్ధతిలో ఎక్కాలి. ఇదే 625 చిప్‌తో 2017లోనే వచ్చిన షావోమీ మీ ఏ1 లాంటి ఫోన్లలో సిస్టమ్‌కు రెండు గదులు ఉంటాయి. ఒకదాంట్లో ఫోన్ నడుస్తుంటే అప్‌డేట్ రెండో దాంట్లో కూర్చుంటుంది. అలాంటి ఫోన్‌లో మ్యాజిస్క్ యాప్ తెరిచి, అన్‌ఇన్‌స్టాల్ కింద రీస్టోర్ ఇమేజెస్ నొక్కాలి. ఫోన్ రీస్టార్ట్ చేయకుండానే అప్‌డేట్ వేయాలి. అది అయ్యాక వచ్చే రీస్టార్ట్ బటన్ జోలికి పోకుండా మళ్ళీ మ్యాజిస్క్‌కు వచ్చి, అప్‌డేట్ కూర్చున్న ఆ రెండో గదిలో, అంటే ఇనాక్టివ్ స్లాట్‌లో ఇన్‌స్టాల్ చేయమనాలి. అప్పుడు రీస్టార్ట్. ఈ వరుస తప్పితే రూట్ పోతుంది, వరుస తప్పకపోతే కంప్యూటర్ అవసరమే రాదు. నోట్ 4కు ఆ వెసులుబాటు లేదు. దానికి పూర్తి రోమ్, అంటే సిస్టమ్ పూర్తి ప్యాకేజీ వేసి, అదే రోమ్‌లోంచి తీసిన బూట్ ఇమేజ్‌ను మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేసి మళ్ళీ ఎక్కించాలి. అదే రోమ్ అన్నమాట గట్టిగా పట్టుకోండి. ఇంకో వెర్షన్ బూట్ ఇమేజ్ వేస్తే వైఫై పోవచ్చు, లేదా ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉండొచ్చు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని మంచి పద్ధతి ఒకటుంది. ప్యాచ్ చేసిన ఇమేజ్‌ను వెంటనే ఫోన్‌లో రాసేయకండి. కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చే ఫాస్ట్‌బూట్‌లో ఫ్లాష్ అనే ఆదేశం బదులు బూట్ అనే ఆదేశం ఇస్తే, ఫోన్ ఆ ఇమేజ్‌తో ఒక్కసారికి లేస్తుంది, లోపల ఏమీ మారదు. బాగా లేస్తే అప్పుడు ఫ్లాష్ చేయండి. లేవకపోతే పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుంటే పాత స్థితికే వస్తుంది. అన్ని కంపెనీలూ దీన్ని ఒప్పుకోవు, ఒప్పుకునే ఫోన్ మీ దగ్గరుంటే మాత్రం దీన్ని వదలొద్దు.

ఇక రెండో మొండి మాట. పైకి ఎక్కేముందు కిందికి దిగడం చేతనవ్వాలి. ఫోన్ కొన్న రోజున ఏ వెర్షన్ ఉందో, ఇప్పుడు ఏది నడుస్తోందో, ఆ రెండింటి పూర్తి ప్యాకేజీలు మీ కంప్యూటర్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. కంపెనీ సర్వర్‌లో పాత ఫైళ్ళు కలకాలం ఉంటాయన్న భరోసా లేదు. దిగితే డేటా మొత్తం పోతుంది, దాన్ని ముందే ఒప్పుకోండి. కొత్త ఆండ్రాయిడ్ తన సెట్టింగులను, డేటాబేసులను కొత్త పద్ధతిలో రాసుకుని ఉంటుంది, పాత ఆండ్రాయిడ్ వాటిని చదవలేక కుప్పకూలుతుంది. అందుకే డేటా ఫార్మాట్ చేయకుండా దిగే ఉపాయం అని ఎవరైనా చెబితే వినకండి. ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ ముందే బయటికి తీసి, ఆ ఫైళ్ళు తెరుచుకుంటున్నాయని కంప్యూటర్‌లో చూశాకే మొదలుపెట్టండి.

దిగడానికి వీల్లేని ఫోన్లూ ఉన్నాయి, అసలు ప్రమాదం వాటితోనే. 2018 ఫిబ్రవరిలో వచ్చిన రెడ్‌మి నోట్ 5 ప్రో సంగతి చూడండి. అదే ఏడాది మధ్యలో వచ్చిన అప్‌డేట్లలో షావోమీ యాంటీ రోల్‌బ్యాక్ అనే తాళం వేసింది. ఫోన్ లోపల ఒక అంకె ఉంటుంది, అప్‌డేట్‌తో పాటు అది పెరుగుతుంది, మళ్ళీ తగ్గదు. అంకె 4కు చేరాక దానికంటే తక్కువ అంకె ఉన్న పాత రోమ్ వేసినవాళ్ళ ఫోన్లు పూర్తిగా డెడ్ అయ్యాయి. లోగో లేదు, రికవరీ లేదు. బతికించాలంటే కంపెనీ అనుమతి ఉన్న ఖాతాతో ఈడీఎల్ అనే అత్యవసర మోడ్‌లోనే ఎక్కించాలి. ఆ అంకెను చూడటం మాత్రం తేలిక. ఫోన్‌ను ఫాస్ట్‌బూట్‌లో పెట్టి గెట్‌వార్ యాంటీ అని అడిగితే చెప్పేస్తుంది. నోట్ 4కు ఈ బెడద లేదు, ఇంత ధైర్యంగా దాన్ని సిఫారసు చేయడానికి అదీ ఒక కారణం. శామ్‌సంగ్‌లో అయితే బిల్డ్ నంబరు చివరి నుంచి లెక్కపెడితే ఐదో అక్షరం బూట్‌లోడర్ వెర్షన్. అంతకంటే చిన్నది వేయబోతే డౌన్‌లోడ్ మోడ్‌లోనే ఫోన్ తిరగ్గొడుతుంది. ఒక రకంగా అది మేలు, కనీసం ఫోన్ చావదు.

రోమ్ ఎక్కించడానికి షావోమీ వారి మీ ఫ్లాష్ వాడేవాళ్ళందరికీ చేతులెత్తి మొక్కి చెప్పే మాట ఒకటి. ఆ ప్రోగ్రాం అడుగున మూడు ఎంపికలు ఉంటాయి. అందులో క్లీన్ ఆల్ అండ్ లాక్ అనేది ముందే ఎంపికై కూర్చుని ఉంటుంది. చూసుకోకుండా ఫ్లాష్ నొక్కితే డేటా పోవడమే కాదు, బూట్‌లోడర్ మళ్ళీ తాళం పడుతుంది. చైనా ఫోన్‌లో గ్లోబల్ రోమ్ వేసి తాళం వేస్తే, ఈ మీయూఐ ఈ ఫోన్‌లో నడవదని చెప్పే తెర తప్ప ఇంకేమీ కనబడదు. ఆ తాళం మొదటిసారి తీయించుకోవడానికి ఎంత ఎదురుచూశారో గుర్తు తెచ్చుకోండి. షావోమీ వారి మీ అన్‌లాక్‌లో ఖాతాను ఫోన్‌తో కలిపాక కొందరికి 72 గంటలు, కొందరికి 168, కొందరికి 360 గంటలు ఆగమనేది. ఒక్క క్లిక్‌కు ఆ ఓపికంతా బూడిదలో పోసిన పన్నీరు. కాబట్టి క్లీన్ ఆల్ ఎంచుకుని, మళ్ళీ ఒకసారి చూసి, అప్పుడు నొక్కండి.

కొన్ని ఫోన్లకు మాత్రం అసలు రూట్ వద్దనే అంటాను. సోనీ ఎక్స్‌పీరియా జెడ్ వరుసలో బూట్‌లోడర్ తాళం తీస్తే టీఏ అనే భాగంలోని డీఆర్ఎం తాళంచెవులు చెరిగిపోతాయి. వాటితోపాటు తక్కువ వెలుతురులో కెమెరా చేసే శుభ్రం పనీ పోతుంది. ముందే టీఏను కాపీ తీసి పెట్టుకుంటే తప్ప తిరిగి రాదు. ఆ కాపీ తీయాలంటే ముందు లోపం ఉన్న పాత వెర్షన్‌కు దిగి, తాళం తీయకుండానే రూట్ సంపాదించాలి. దిగడం చేతనవ్వాలని నేను పట్టుబట్టేది ఇలాంటి చోట్ల కోసమే. శామ్‌సంగ్‌లో రూట్ చేయబోయి నాక్స్ అనే భద్రతా ఫ్యూజ్ ఒక్కసారి కాలితే స్టాక్ రోమ్ వేసినా తిరిగి రాదు. సెక్యూర్ ఫోల్డర్ మీద ఆధారపడేవాళ్ళు ఆ ఫోన్‌ను అలాగే వదిలేయండి.

ఎంతవరకు ఎక్కాలన్నది ఇంకో తగువు. నోట్ 4కు లీనేజ్ ఓఎస్ మొదలుకుని చాలా కస్టమ్ రోమ్‌లు వచ్చాయి. వాటిలో అన్నిటికంటే కొత్తదే వేయాలన్న తొందర నాకు నచ్చదు. కెమెరాను నడిపే ఫైళ్ళు కంపెనీ ఎప్పుడో ఇచ్చిన పాతవే, వాటిని కొత్త ఆండ్రాయిడ్‌కు అతికించి నడిపిస్తారు. పైకి పోయేకొద్దీ అతుకులు పెరుగుతాయి, ర్యామ్ మీద బరువూ పెరుగుతుంది. అలాగని ఆండ్రాయిడ్ 7లోనే ఉండిపోతానంటే క్రోమ్ 119 దగ్గర ఆగిపోతుంది, తర్వాతి వెర్షన్లు 8 ఉంటేనే వస్తాయి. పాత బ్రౌజర్‌తో ఊరంతా తిరగడం మంచిది కాదు. వాట్సాప్ కూడా 2025లో ఆండ్రాయిడ్ 5కు దిగువవాటిని వదిలేసింది. మీరు వాడే యాప్‌లు ఎంత అడుగుతున్నాయో చూసి, అంతవరకే ఎక్కండి. 3 జీబీ ఫోన్‌కైతే ఆండ్రాయిడ్ 10 చాలని నా అభిప్రాయం.

రూట్ దేనితో చేయాలన్న దాంట్లో మాత్రం నేను సర్దుకోను. ఒక్క నొక్కుతో రూట్ చేస్తామనే కింగ్‌రూట్ లాంటి యాప్‌లను దగ్గరికి రానివ్వకండి. అవి ఫోన్‌లోని భద్రతాలోపాన్ని పట్టుకుని లోపలికి దూరతాయి, లోపల ఏం చేస్తున్నాయో చూద్దామంటే కోడ్ బయట పెట్టరు. సూపర్‌ఎస్‌యూ మంచి పేరున్నదే, కానీ దాన్ని తయారుచేసిన చైన్‌ఫైర్ 2017లో ఆ పని నుంచి తప్పుకున్నాడు. మిగిలింది 2016లో జాన్ వూ మొదలుపెట్టిన మ్యాజిస్క్. అది సిస్టమ్ భాగాన్ని ముట్టదు, తీసేస్తే ఆనవాలు మిగలదు, కోడ్ అందరికీ కనబడుతుంది. గిట్‌హబ్‌లోని ఆయన పేజీ నుంచి మాత్రమే దించుకోండి. అదే పేరుతో వెలసిన వెబ్‌సైట్లు ఆయనవి కావు. వేసిన వెంటనే సెట్టింగ్స్‌లో సూపర్‌యూజర్ అడిగితే నిరాకరించు అని పెట్టుకోండి. రూట్ అడిగే యాప్‌లు ఐదు దాటాయంటే ఒకటి రెండు అనవసరమైనవి ఉన్నట్టే.

ఇంత తంటా ఎందుకని అడిగితే నేను చెప్పే పనులు చిన్నవే. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆపించే ఏసీసీ ఒకటి, పాత ఫోన్‌కు బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుంది. హోస్ట్స్ ఫైల్ మార్చి ప్రకటనలు ఆపే యాడ్‌అవే ఒకటి. తీసేయడానికి వీల్లేదని కంపెనీ అతికించిన యాప్‌లను తీసేయడం. యాప్‌ను దాని డేటాతో సహా బ్యాకప్ తీసుకోవడం. వేగం పెంచుతాం, గేమ్‌లు ఎగరేస్తాం అనే మాడ్యూళ్ళ జోలికి పోకండి, ఏళ్ళనాటి చిప్‌ను ఉరికించి బాగుపడింది లేదు.

బ్యాంకు యాప్, యూపీఐ ఈ ఫోన్‌లో ఉంచకండి. రూట్‌ను గూగుల్ తనిఖీకి దొరక్కుండా దాచడం ఒక వేట. సేఫ్టీనెట్ పోయి ప్లే ఇంటెగ్రిటీ వచ్చింది, ఈ నెల పనిచేసిన మాడ్యూల్ వచ్చే నెల పనిచేయదు. దానికోసం ఎవరో తెలియనివాళ్ళు రాసిన మాడ్యూళ్ళను రూట్ అధికారంతో నడిపిస్తూ, అదే ఫోన్‌లో జీతం డబ్బు పెట్టుకోవడం నాకు మింగుడుపడదు. బ్యాంకు అనుమానించడంలో న్యాయం ఉంది. భద్రతా ప్యాచ్‌లు ఏళ్ళ క్రితమే ఆగిన ఫోన్ అది. డబ్బు వ్యవహారం తాళం తీయని ఇంకో ఫోన్‌లో, అమ్మ ఫోన్‌లో అయినా సరే, అక్కడ పెట్టుకోండి. ఓటీపీలు వచ్చే సిమ్ కూడా ఆ ఫోన్‌లోకే మార్చండి.

చివరిగా, పని మొదలుపెట్టిన మొదటి గంటలోనే ఈఎఫ్‌ఎస్, పర్సిస్ట్ భాగాలను రికవరీ నుంచి బ్యాకప్ తీసి, ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో, వీలైతే పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. ఐఎంఈఐ నంబరు, సిగ్నల్ లెక్కలు, సెన్సర్ల సర్దుబాట్లు అందులోనే ఉంటాయి. పొరపాటున చెరిగితే సిమ్ వేసినా నెట్‌వర్క్ రాదు. అప్పుడు హైదరాబాద్‌లోని జగదీశ్ మార్కెట్‌కో, ఊళ్ళో షాపుకో తీసుకెళ్తే, ఇంకో ఫోన్ నంబరు ఎక్కించి ఇస్తామనేవాళ్ళు దొరకొచ్చు. ఒప్పుకోకండి. ఐఎంఈఐ మార్చడం మన దేశంలో నేరం, మీ పాత నంబరు మీ బ్యాకప్‌లోంచే తిరిగి రావాలి. అలాగే అసలు బూట్ ఇమేజ్ కాపీ కూడా కంప్యూటర్‌లో ఉండాలి. మ్యాజిస్క్ తనవంతుగా ఒకటి దాచుకుంటుంది, కానీ అది డేటా భాగంలో ఉంటుంది, డేటా ఫార్మాట్ చేసిన రోజున దాంతోపాటే పోతుంది. బ్యాకప్ అయ్యాక ఫోల్డర్‌కు ఫోన్ పేరు, వెర్షన్ నంబరు, తేదీ పెట్టి, ఫైళ్ళ సైజు సున్నా కాదని చూసి, అప్పుడు ఫోన్ కేబుల్ తీయండి.