పది శాతం పిక్కలు

సైకిల్ తొక్కుదామనుకున్న మనిషికి హైదరాబాద్‌లో ఇప్పుడు సైకిల్ కన్నా ముందు ప్రోగ్రాం దొరుకుతుంది. పన్నెండు వారాలు. మొదటి వారం రోజు విడిచి రోజు అరగంట, అలా మూడు రోజులు. మిగతా నాలుగు రోజులు రికవరీ, అంటే సోఫా. ఏ వారమైనా కిందటి వారం మీద పది శాతానికి మించి పెంచారో, మోకాళ్లు మీవి కావు. గుండె ఎంత వేగం దాటకూడదో చేతి గడియారం చెబుతుంది. కాళ్లు చెప్పే మాట వినే రోజులు పోయాయి.

గడియారానికి ఆ సంగతి ఎవరు చెప్పారు? చాలా వాటికి, 220 లోంచి వయసు తీసెయ్యమనే లెక్క. 1971లో ఫాక్స్, హాస్కెల్ తదితరులు అప్పటిదాకా అచ్చయిన అంకెలు కొన్ని పోగేసి, వాటి మధ్యనుంచి ఉజ్జాయింపుగా లాగిన గీత అది. ఒకే వయసున్న ఇద్దరి మధ్య పది పన్నెండు స్పందనల తేడా రావడం అందులో మామూలే. ఇక పది శాతం సంగతి. కొత్తగా పరుగు మొదలెట్టిన 532 మందిని నెదర్లాండ్స్‌లో రెండు జట్లు చేశారు. ఒక జట్టును వారానికి పది శాతం చొప్పున 13 వారాలు బుజ్జగిస్తూ పెంచారు. రెండో జట్టుకు మామూలు 8 వారాల తయారీ. 2008లో ఫలితం అచ్చయింది: దెబ్బలు తగిలించుకున్నవాళ్లు మొదటి జట్టులో నూటికి 20.8, రెండో జట్టులో 20.3. అది పరుగు, ఇది సైకిల్ అంటారా, సరే. సైకిల్ మీద ఒంటి బరువును సీటు మోస్తుంది, మోకాలికి పరుగులో పడే దెబ్బ ఇందులో పడదు. మరి నియమానికి ఇక్కడ పని ఇంకా తక్కువే కదా!

మెల్లగా పెంచుకోమన్న మాటతో నాకు తగాదా లేదు. అది నిజమే. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లో దారికొస్తాయి, కండరాన్ని ఎముకకు కట్టే టెండన్లు వాటికన్నా బద్ధకస్తులు. సీటు మీద ఆనే చోట నొప్పి మొదటి పది పదిహేను రోజులు ఏడిపించి పోతుంది. మాట్లాడుతూ తొక్కగలిగితే వేగం సరిపోయినట్టు, మాట ఆగి రొప్పు వస్తే ఎక్కువైనట్టు. పెడల్ అడుగుకు పోయినప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటే సీటు ఎత్తు కుదిరినట్టు. ఐపోయింది. బిగినర్‌కు కావలసిన విద్య ఈ నాలుగు ముక్కలే. దీన్ని పన్నెండు వారాలకు సాగదీసి నెల చందాకు అమ్మడమే నాకు మింగుడుపడనిది.

మహారాష్ట్ర గట్టున, గడ్చిరోలి జిల్లాలో ఉన్న మా సిరొంచకు కూడా ఈ విద్య వచ్చింది, కాకపోతే కాళేశ్వరం వంతెన దాటి విహారానికి వచ్చింది. గోదావరి మీద ఆ వంతెన పడ్డాక, ప్రాణహిత సంగమం చూసి మహారాష్ట్రలో కాలుపెట్టి పోదామనే సైకిల్ బృందాలు చలికాలంలో అప్పుడప్పుడూ దిగుతున్నాయి. వాళ్లలో ఒకాయన సైకిల్‌కు తుమ్మ ముల్లు గుచ్చుకుంది. ఖరీదు లక్షన్నర అన్నాడు, ఎవరూ అడక్కుండానే. పంక్చర్ వేసే పెద్దాయన ముల్లు పీకాడు, ట్యూబుకు ముక్క అతికించాడు, పంపు తెచ్చి వాల్వు దగ్గర పెట్టి ఆగిపోయాడు. అది పెన్సిల్ కన్నా సన్నం, కొసన చిన్న మర.

"ఇదేం వాలు సారూ? దీనికి వాల్‌ట్యూబు యాడ తొడుగుతరు?"

"ప్రెస్టా అంకుల్, ప్రెస్టా."

"ప్రెస్టానో పేస్టో, మన పంపుకైతే అందది."

అడాప్టరున్న మిత్రుడు వెనక ఎక్కడో జోన్ టూలో వస్తున్నాడు, అంటే గడియారం చెప్పిన గుండె వేగం దాటకుండా. ఈలోగా బడి విడిచారు. ఒకమ్మాయి వెనక క్యారేజీ మీద తమ్ముణ్ణి, ముందు బుట్టలో రెండు పుస్తకాల సంచుల్ని వేసుకుని వచ్చి చైన్‌కు నూనె వేయించుకోవడానికి ఆగింది. నల్ల సైకిల్, గేర్లు లేవు, ఒక బ్రేకు ఉన్నట్టే ఉంటుంది. మన సార్‌కు ఆసక్తి పుట్టింది. రోజూ ఎంత తొక్కుతావమ్మా అంటే, పోను నాలుగు రాను నాలుగు అంది. ఎన్నో వారం అనడిగాడు. "తొమ్మిదో తరగతి" అంది.

పిల్ల సరిగ్గానే చెప్పింది, కావాలంటే లెక్క చూడండి. రోజుకు ఎనిమిది, వారానికి ఆరు రోజులు, 48 కిలోమీటర్లు. ప్రోగ్రాం పెట్టే మొదటి వారం మూడు అరగంటలు గంటకు 15 చొప్పున తొక్కితే ఇరవై రెండున్నర. దాన్ని పది శాతం చొప్పున పెంచుకుంటూ పోతే 48 దగ్గరికి చేరేది తొమ్మిదో వారంలో. ఆ అమ్మాయి సైకిల్ ఎక్కిన మొదటి వారమే అక్కడుంది, అదీ తమ్ముడితో కలిపి. మహారాష్ట్రలో మానవ్ వికాస్ పథకం కింద వెనకబడ్డ 125 తాలూకాల్లో, ఎనిమిది నుంచి పన్నెండు దాకా చదివే ఆడపిల్లలకు సైకిల్ ఇస్తారు. గడ్చిరోలి జిల్లా తాలూకాలూ అందులో ఉన్నాయి. సైకిల్‌తో పాటు ట్రైనింగ్ ప్లాన్ ఇవ్వడం సర్కారు మరిచిపోయింది. మాకు జరిగిన మేళ్లలో అదొకటి.

"అబ్బా, వీళ్లకు పుట్టుకతోనే స్టామినా సర్! జెనెటిక్స్!" అన్నాడాయన. పన్నెండు వారాల అబద్ధం కన్నా ఇది ముదురు. పుట్టుకతో ఏమీ రాలేదు. ఆ పిల్ల సైకిల్ రాకముందు అదే దారి మూడేళ్లు నడిచింది, బిందె మోసింది, వేసవిలో తునికాకు కోతకు అమ్మతో అడవికి పోయింది. మీరు జోన్ టూ అని డబ్బు కట్టి కొనుక్కుంటున్నది అదే. పైగా పుట్టుకతో వచ్చేది ఈ జిల్లాలో ఒకటుంది, దాని పేరు సికిల్ సెల్. అది ఉన్న పిల్ల ఎండలో నీళ్లు చాలక ఒళ్లు అలిసేలా తొక్కితే కీళ్లు, ఎముకలు పట్టేసే నొప్పులు తిరగబెడతాయి. ఎవరికి ఎంత పెంచాలి, ఎక్కడ ఆపాలి, ఎన్ని నీళ్లు తాగించాలి అని కూర్చుని ఆలోచించాల్సిన కాళ్లేవైనా ఉంటే ఇవే. ఆ కాళ్లకు మాత్రం కోచ్ దొరకడు. కోచ్‌లంతా హైదరాబాద్ రింగురోడ్డు పక్కన, 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద, సోలార్ పలకల నీడలో ఉన్నారు. అక్కడికి సైకిల్‌ను కారుకు కట్టుకుని వెళ్తారు.

కోచ్ లేని కాళ్లు ఏం చేశాయో చరిత్రలో లేకపోలేదు. పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద పోయేవాడు, రికవరీ డే అని సభ ఎగ్గొట్టినట్టు ఎవరూ రాయలేదు. మా జిల్లాలోనే హేమల్‌కసాలో 1973లో ఆదివాసుల మధ్య పని మొదలుపెట్టించిన బాబా ఆమ్టే, 1985 డిసెంబర్‌లో వందకు పైగా పడుచువాళ్లను సైకిళ్లెక్కించి కన్యాకుమారి నుంచి కశ్మీర్ దారి పట్టించాడు. వెన్నెముక సహకరించని ఆ పెద్దమనిషి తాను వాహనంలో పడుకుని వాళ్ల వెంట పోయాడు. దేశాన్ని కలపాలి అన్నదే వాళ్లకు తెలిసిన జోన్.

ఇప్పుడైతే సర్టిఫికెట్ కోసం తొక్కుతున్నారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో ముగిస్తే బ్రెవె అని ఒక కాగితం ఇస్తారు. పాపం, తెలీక అంత దూరం వెతుక్కుంటున్నారు. సిరొంచ నుంచి గడ్చిరోలి జిల్లా ఆఫీసుకు కాస్త అటూ ఇటూగా అంతే దూరం. మావాళ్లు ఒక కాగితం మీద ఒక సంతకం కోసం తరాలుగా ఆ దూరం పోయి వస్తున్నారు. సార్ సీట్లో లేకపోతే తిరిగొచ్చి మళ్లీ పోతారు. 400 కిలోమీటర్ల బ్రెవెకు 27 గంటల గడువట. మాకు గడువేమీ లేదు, సార్ సెలవు ఐపోయేదాకా.

ఆ దారిలో అల్లాపల్లి నుంచి సిరొంచ దాకా ఉన్న నూరు కిలోమీటర్లను చూశాకే నాకు పది శాతం నియమం మీద గౌరవం కలిగింది. కాగితం మీద అది 353-సి జాతీయ రహదారి. దాన్ని బాగుచేసేవాళ్లు బిగినర్ సూత్రాలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తారు. ఒక వారం కాస్త కంకర. తర్వాత రికవరీ. వానాకాలం పూర్తి విశ్రాంతి. అడవి శాఖ అనుమతి వచ్చేదాకా స్ట్రెచింగ్. ఏ ఏడూ ముందటేడు కన్నా మరీ ఎక్కువ వేసి రోడ్డుకు ఆయాసం తెప్పించరు. 2022 జులైలో వరదొచ్చి తాలూకా నీళ్లలో మునిగినప్పుడు వేసిన కాస్తా పోయింది, మళ్లీ మొదటి వారం నుంచి. వెన్నెముకను ఎగరేసే గుంతలు మాత్రం ఏ ప్లానూ లేకుండా, వార్మప్ కూడా చేయకుండా, ఒక్క సీజన్‌లో వంద శాతం పెరుగుతాయి. వాటికి పుట్టుకతోనే స్టామినా.

అందుకని ఈ చలికాలానికి మేమూ ఒక ఈవెంటు పెడదామనుకుంటున్నాం. అల్లాపల్లి–సిరొంచ బిగినర్స్ రైడ్. సైక్లిస్టులకు ప్రవేశం లేదు, పాపం వాళ్ల పవర్ మీటర్లు పాడవుతాయి. పాల్గొనాల్సింది రోడ్డు వేసే కాంట్రాక్టరు, దాన్ని కొలిచే ఇంజనీరు, బిల్లు మీద సంతకం పెట్టే పెద్దసారు. సైకిళ్లు మా పిల్లలవే ఇస్తాం, వెనక క్యారేజీ మీద ఒక్కో తమ్ముణ్ణి కూడా ఎక్కిస్తాం. మొదటి వారం పది కిలోమీటర్లు చాలు, మెల్లగా పెంచుకోవచ్చు. ఎంట్రీ ఫీజు లేదు. మెత్త కుట్టిన నిక్కర్లు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, రెండేసి జతలు.