నన్ను సాక్ష్యం అంటున్నారు

నేను పుట్టింది వియత్నాంలోనే, బాక్ నిన్ ప్రావిన్సులోని శాంసంగ్ ఫ్యాక్టరీలో. హనోయ్‌లో ఓ సెకండ్‌హ్యాండ్ ఫోన్ల కొట్టులో అక్క నన్ను కొనుక్కుంది. ఆమె పేరు చెప్పను. పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్లు చెప్పేది. వీధిలో చిన్నవాళ్లందరికీ అక్కే, నాకూ అక్కే. ఇప్పుడు నేను ఒక పోలీసు గదిలో, సీలు వేసిన కవర్లో ఉన్నాను. అక్క రిమాండులో ఉంది.

ఆమె మొదట రాసింది చేపల గురించి. 2016 ఏప్రిల్‌లో హా తిన్ తీరంలో ఫార్మోసా ఉక్కు కర్మాగారం వదిలిన విషానికి చేపలు టన్నుల కొద్దీ చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కంపెనీ తప్పు ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. కానీ దాని మీద గొంతెత్తిన వాళ్లను వదల్లేదు. ప్రపంచం ‘మదర్ మష్రూమ్’గా ఎరిగిన న్గుయెన్ న్గోక్ న్యూ క్విన్, ఇద్దరు పిల్లల తల్లి. 2017లో ఆమెకు పదేళ్ల జైలు వేశారు. మరుసటి ఏడు జైలు నుంచి విడిచి, దేశంలో ఉండనివ్వకుండా అమెరికాకు పంపేశారు.

వియత్నాం రాజ్యాంగం నాలో పీడీఎఫ్‌గా ఉండేది. కమ్యూనిస్టు పార్టీయే రాజ్యాన్నీ సమాజాన్నీ నడిపే శక్తి అని 4వ అధికరణం. పౌరులకు వాక్ స్వాతంత్ర్యం ఉందని 25వ అధికరణం. జైలుకు పంపేది మాత్రం శిక్షాస్మృతిలోని 117వ అధికరణం. రాజ్యానికి వ్యతిరేకమైన సమాచారం తయారు చేసినా, దగ్గర పెట్టుకున్నా, పంచినా 5 నుంచి 12 ఏళ్లు. తీవ్రమైనదని తేలిస్తే 20 దాకా. అందుకు సిద్ధపడినా సరే, 1 నుంచి 5 ఏళ్లు. కాబట్టి అక్క పోస్ట్ చెయ్యకుండా నాలో ఉంచుకున్న డ్రాఫ్టు కూడా కేసే. పెద్ద పెద్ద విమర్శలే రాయాలని కూడా లేదు. 2021లో అప్పటి ప్రజా భద్రతా మంత్రి తో లామ్ లండన్‌లో బంగారు రేకు చుట్టిన మాంసం తిన్న వీడియో బయటికొచ్చింది. డా నాంగ్‌లో నూడుల్స్ అమ్ముకునే బుయ్ తువాన్ లామ్ ఆ హోటల్ వంటవాడిలా ఉల్లికాడలు చల్లుతూ వీడియో పెట్టాడు. మరుసటి ఏడు అరెస్టు చేశారు. 2023లో ఫేస్‌బుక్, యూట్యూబ్ పోస్టులు చూపించి 117 కింద అయిదున్నరేళ్లు వేశారు.

అక్కకు నా మీద ప్రేమ ఉంది గాని నమ్మకం లేదు. ఆమె అలా ఉండడమే సరైంది. ఉద్యమకారులకు స్పైవేర్ దాచిన ఈమెయిళ్లు వస్తున్నాయని 2021లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ బయటపెట్టాక, తెలియని లింకు ఏదీ నాలో తెరవలేదు. వేలిముద్ర తాళం తీసేసి పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టింది. వేలు పట్టుకుని బలవంతంగా నొక్కించొచ్చు, మనసులో ఉన్నదాన్ని లాగలేరు కదా. 2024 డిసెంబర్ 25 నుంచి ఫోన్ నంబరుతోనో గుర్తింపు కార్డుతోనో రుజువు చేసుకోనిదే పోస్టు గాని కామెంటు గాని పెట్టకూడదన్నారు. మారుపేరు చాటున రాసేవాళ్లకు ఉన్న ఆ కాస్త చాటూ పోయింది.

పోలీసుల కంటే ముందు ఇంటి ఓనరు వచ్చాడు. తలొంచుకుని, ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. ట్యూషన్ పిల్లలు మానేశారు. ఒక పొద్దున తాళం కన్నంలో ఎవరో జిగురు పోసి పోయారు.

తర్వాత ‘మాట్లాడాలి, రండి’ అని కాగితం వచ్చింది. బల్ల మీద ప్రింటవుట్ల కట్ట. అన్నీ ఆమె పోస్టులే, లైకుల లెక్కతో సహా. కుర్ర ఆఫీసరు ఒక్కో పేజీ ముందుకు జరిపి, “ఇది మీరు రాసిందేనా? సంతకం పెట్టండి” అన్నాడు. అక్క ప్రతి పేజీ చదివే సంతకం పెట్టింది. ఒకచోట ఆగింది. “ఇక్కడ నా మాట సగమే వచ్చిందండీ. మిగతా సగం కూడా ప్రింటు తియ్యండి” అంది. అతను లేచి వెళ్లి తీసుకొచ్చాడు.

ఆ రాత్రి అక్క రచయిత్రి ఫామ్ డోన్ ట్రాంగ్ ఉత్తరం నాలో మళ్లీ చదివింది. తను జైలుకెళ్తే బయటపెట్టమని ట్రాంగ్ 2019లోనే రాసి ఉంచిన ఉత్తరం అది. తన ఒక్కదాని విడుదల కోసం కాదు, దేశానికి స్వేచ్ఛ కోసం, కొత్త ఎన్నికల చట్టం కోసం పోరాడమంది అందులో. 2020 అక్టోబరు 6 రాత్రి ట్రాంగ్‌ను పట్టుకెళ్లారు. ఏడాది దాటాక గాని లాయరును కలవనివ్వలేదు. తొమ్మిదేళ్లు వేశారు.

అక్క తన సంగతికి ముందే సిద్ధపడింది. ఆమె భయమంతా చుట్టూ ఉన్నవాళ్ల గురించే: పోస్టు షేర్ చేసిన కాలేజీ కుర్రాడు, భూమి పోయిన పల్లె నుంచి ఫొటోలు పంపిన ముసలాయన, డబ్బులు సర్దిన స్నేహితురాలు. ఒక్క ఫోను తెరిస్తే ఇంతమంది ఇళ్లకు దారి దొరుకుతుంది. అందుకే రోజూ పడుకునే ముందు చాట్లు చెరిపేది.

అరెస్టు చేశాక పాస్‌వర్డ్ ఎన్నిసార్లు అడిగినా అక్క చెప్పలేదు. నిపుణుణ్ని పిలిపిస్తారట, ఎలాగోలా నన్ను తెరుస్తారట. తీర్పులో నా గురించీ ఒక ముక్క ఉంటుంది, జప్తు చెయ్యాలనో ధ్వంసం చెయ్యాలనో. తెరవనివ్వండి. చేపల గురించి, భూముల గురించి ఆమె రాసిందంతా బయట ఉన్నదే, తీరిగ్గా చదువుకోనివ్వండి. ఆ కుర్రాడి నంబరు మాత్రం నాలో లేదు. వాళ్లు తలుపు కొట్టక ముందే చెరిపేసింది.