నా మీద పాదం పడితే

నేను బాస్కెట్‌బాల్ కోర్టు సెంటర్ లైన్‌ని. 28 మీటర్ల కోర్టును రెండుగా పంచే 5 సెంటీమీటర్ల పట్టీని. ఆధిక్యంలో ఉన్న జట్టు కోర్టంతా బంతిని తిప్పుతూ కాలం గడిపేస్తుంటే ఆట చచ్చిపోతోందని, 1932లో అమెరికాలో పది సెకన్లలోగా బంతిని నన్ను దాటించాలనే నిబంధన పెట్టి నన్ను కాపలా ఉంచారు. అంతర్జాతీయ ఆటలో ఆ గడువు ఇప్పుడు ఎనిమిది సెకన్లే. కబడ్డీలో గీత దాటి వెనక్కొస్తే బతికినట్టు. ఇక్కడ బంతితో వెనక్కొస్తేనే తప్పు.

బంతి నన్ను దాటి వెనక్కి దొర్లితే చాలు, ప్రేక్షకులు విజిల్ కోసం కేకలు పెడతారు. రిఫరీ తేల్చాల్సింది మాత్రం మూడు సంగతులు: బంతి ఏ జట్టు అదుపులో ఉంది, ఫ్రంట్‌కోర్టులో (దాడి చేసే సగంలో) చివర ముట్టిందెవరు, బ్యాక్‌కోర్టులో (వెనక సగంలో) మొదట ముట్టిందెవరు. మూడింటికీ ఒకే జట్టు జవాబైతేనే తప్పు. డిఫెండర్ చెయ్యి తగిలి వెనక్కి పోయిన బంతిని దాడి చేస్తున్న జట్టు నిక్షేపంగా అందుకోవచ్చు.

డ్రిబ్లింగ్ చేస్తూ వచ్చే ఆటగాడి రెండు పాదాలూ, బంతీ పూర్తిగా ఫ్రంట్‌కోర్టులో పడితేగాని దాటినట్టు కాదు. దాటాక మడమ అంచు నాకు తగిలినా తప్పే. వెళ్లేటప్పుడు ఒక న్యాయం, వచ్చేటప్పుడు ఇంకొకటా అంటారు. రెండింటికీ మూలం ఒకటే: నేను బ్యాక్‌కోర్టులో భాగాన్ని, నన్ను తాకినంతసేపూ వెనకున్నట్టే. మడమ తగిలితే ఒరిగిన లాభమేమిటి, వదిలేయొచ్చుగా అనే వాదనా ఉంది. ఒక రిఫరీ వేలెడు, మరొకరు జానెడు వదిలితే ఏ ఆటగాడు ఏ హద్దును నమ్ముకోవాలి?

ఇంత కచ్చితంగా చూడమనేవాళ్లే నన్ను గాలికి వదిలేస్తారు. పిల్లలు ఆడే సిమెంటు కోర్టుల్లో ఎండకూ వానకూ నా రంగు పెచ్చులూడుతుంది. టేపు అంటిస్తే అంచు లేచి మట్టి పడుతుంది. కొత్త రంగు పాత అంచును తప్పి వంకరగా సాగుతుంది. ఒకే హాల్లో వాలీబాల్, బ్యాడ్మింటన్ గీతలూ నా పక్కనా, నా మీదుగా పోతాయి. అప్పుడు మడమ నా మీద పడిందో, వెంట్రుకవాసిలో తప్పిందో ఎవరు చెప్పగలరు? నిందపడేది రిఫరీ. పిల్లల ఆటకు ఇంత పట్టింపెందుకనుకోవద్దు. నియమాన్ని కాళ్లకు అలవాటు చేసుకునే వయసు అదే. తీర్పు తప్పని అరిచే ముందు నా అంచు స్పష్టంగా కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే ముందు రంగు వేయించండి.